కలుపు తీసే చేతిలోనే చెట్టు ప్రాణం

(చీనీ తోటల రైతుల సమావేశంలో సంఘం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



నార్పల, గార్లదిన్నె, పుట్లూరు, యల్లనూరు, తాడిపత్రి... మీరు ఏ వైపు నుంచి వచ్చినా దారి పొడవునా చీనీ తోటలు చూసే వచ్చి ఉంటారు. నల్లగొండ రైతులు బత్తాయి అంటారు, మనం చీనీ అంటాం. పేరు ఏదైనా చెట్టు ఒకటే, దాని జబ్బులూ ఒకటే. ఆ దారిలోనే ఇంకొకటి కూడా మీ కంట పడి ఉంటుంది. పచ్చటి సాలు మధ్యలో ఒక చెట్టు ఆకులు వాడిపోయి, కాయలు కొమ్మకే వేలాడుతూ, నిలువునా ఎండిపోయి ఉంటుంది. మరుసటి ఏడాది దాని పక్క చెట్టు. ఆపై ఏడాది ఆ సాలులో సగం.

ఈ రోజు మేము ధర గురించి మాట్లాడబోవడం లేదు. మార్కెట్‌లో సూట్ పేరుతో జరిగే కోత గురించీ మాట్లాడబోవడం లేదు. వాటి మీద సంఘం పని నడుస్తూనే ఉంది, నడవాలి కూడా. కానీ చెట్టే లేకపోతే ధర ఎవరికి? అందుకే ఈ రోజు మాట చెట్టు మొదట్లో, ఆ పాదులో, మనం కలుపు తీసేటప్పుడు జరిగే దాని గురించి.

ముందు మా తప్పు మేము చెప్పుకుంటాం. మేము ఒకే బాట మీద పక్కపక్క పొలాలున్న అయిదు కుటుంబాల వాళ్లం. కొన్నేళ్ల కిందట వానలు బాగా పడ్డాయి. తోటలో గరిక, తుంగ, వయ్యారిభామ మోకాలి ఎత్తు లేచాయి. కూలీలు దొరకలేదు. బాడుగకు రోటవేటర్ తెచ్చి మొదళ్ల దాకా తిప్పించాం. యంత్రం అందని చోట పాదులు చెక్కడానికి ఎకరాకు ఇంత అని గుత్తకు ఇచ్చాం. గుత్త పని కదా, పార వేగంగా ఆడింది. తోట అద్దంలా తయారైంది. గట్టు మీద నిలబడి చూసుకుని మురిసిపోయాం. వారం తిరక్కుండానే నీళ్లు కట్టాం. ఆ ఏడు కాపు కూడా బాగా వచ్చింది.

తర్వాతి ఎండాకాలంలో చెట్లు చావడం మొదలైంది. కాపు ఎక్కువ కాసిన చెట్లే ముందు పోయాయి. నీళ్లు చాలలేదేమో అనుకుని ఇంకా ఎక్కువ కట్టాం. మందుల దుకాణంలో ఏది ఇస్తే అది తెచ్చి ఆకుల మీద కొట్టాం. జబ్బు వేర్లలో ఉంటే మందు ఆకుల మీద కొట్టి ప్రయోజనం ఏముంటుంది? చివరికి ఒక చచ్చిన చెట్టును అయిదుగురమూ నిలబడి వేళ్లతో సహా పెళ్లగించి చూశాం. మొదలుకు ఒక పక్క, మట్టి కింద, పార దెబ్బ మానని గాయం. దాని చుట్టూ బెరడు గోధుమ రంగుకు మారి, చేత్తో లాగితే ఊడి వచ్చింది. ఆ పక్క పెద్ద వేరు బెరడు ఊడిపోయి, లోపలి చెక్క ఎండుకట్టెలా ఉంది. పక్క చెట్టునూ తవ్వాం. అక్కడా ఒక గాయమే. అప్పుడు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం.

ఎనిమిదేళ్లు బిడ్డలా సాకిన చెట్టు అది. కరువులో బోరు ఎండితే ట్యాంకరు నీళ్లు కొని పోసిన చెట్టు. మీలో ఎంతమంది అలా అప్పు చేసి నీళ్లు పోశారో మాకు తెలుసు. అలాంటి చెట్టుకు మనమే పారతో గాటు పెట్టి, ఆ గాటుకు మనమే నీళ్లు పట్టించాం.

చీనీ చెట్టును చంపే తెగుళ్లలో ముఖ్యమైనవి రెండు. మొదటిది బంక తెగులు, కొందరు జిగురు కారడం అంటారు. ఫైటోఫ్తోరా అనే, శిలీంధ్రం లాంటి సూక్ష్మజీవి వల్ల వస్తుంది. దీని బీజాలు నీటిలో ఈదుకుంటూ పోతాయి. మొదలు దగ్గర నీళ్లు నిలిచినా, ఒక చెట్టు పాదులోంచి ఇంకో చెట్టు పాదులోకి నీళ్లు పారినా దానికి బండి కట్టి పంపినట్టే. బెరడు పగిలి బంక కారుతుంది. పైన కనిపించే బంక చిన్నదే, లోపల కుళ్లు పెద్దది. అది మొదలు చుట్టూ తిరిగిందంటే చెట్టు మిగలదు.

రెండోది ఎండు కుళ్లు, అంటే వేరుకుళ్లు. ఇందులో ప్రధానమైనది ఫ్యుజేరియం అనే శిలీంధ్రం. ఇది బలంగా ఉన్న చెట్టు జోలికి అంత సులువుగా పోదు. గాయపడిన వేరు, బెట్టకు నలిగిన వేరు, మోయలేనంత కాపు మోసి అలసిన చెట్టు దొరికితే అప్పుడు పట్టుకుంటుంది. ముందు ఒక పక్క కొమ్మల ఆకులు పసుపెక్కుతాయి, వాడుతాయి. కాయలు రాలకుండా వేలాడుతూనే ఉంటాయి. పైకి జబ్బు కనిపించేసరికి లోపల చాలా వేర్లు పోయి ఉంటాయి.

ఇప్పుడు మన సేద్యం చూడండి. పూత కోసం తోటను బెట్టకు వదులుతాం. ఆ సమయంలోనే లోతుగా దున్ని వేర్లు తెంచుతాం. ఆ వెంటనే ఎరువులు వేసి పాదు నిండా నీళ్లు పెడతాం. బెట్ట, గాయం, నిలవ నీరు: తెగులుకు కావలసిన మూడూ వరసగా మనమే అందిస్తున్నాం. చీనీ చెట్టుకు ఆహారం తెచ్చే సన్న వేర్లు చాలా వరకు పైనున్న అడుగు, రెండు అడుగుల మట్టిలోనే ఉంటాయి. రోటవేటర్ తిరిగేది అక్కడే.

అయితే కలుపు వదిలేయమని మేము చెప్పడం లేదు. లేత తోటలో కలుపు నీళ్లూ ఎరువూ ముందు తాగేస్తుంది. పెద్ద తోటలో మొదలు చుట్టూ గడ్డి ఉంటే బెరడు ఎప్పుడూ చెమ్మగానే ఉంటుంది, గాలి తగలదు. బంక కారినా, బెరడు తొలిచే పురుగు పొట్టు రాల్చినా గడ్డి చాటున మన కంటికి కనబడదు. కలుపు తీయాల్సిందే. ఎక్కడ ఎలా తీస్తామన్నదే అసలు సంగతి. మేము తోటను మూడు భాగాలుగా అనుకుని పని చేస్తున్నాం.

మొదటి భాగం మొదలు చుట్టూ అడుగున్నర. ఇక్కడ పార పెట్టం, యంత్రం రానివ్వం. చేత్తో పీకడం, లేదా కొడవలితో కోయడం. వాన పడిన మర్నాడు, మట్టి మెత్తగా ఉన్నప్పుడు పీకితే సులువుగా వస్తుంది. బ్రష్ కట్టర్ కూడా ఇక్కడికి రాకూడదు. దాని తీగ తగిలితే లేత బెరడు చుట్టూ ఒలిచేస్తుంది.

రెండో భాగం అక్కడి నుంచి కొమ్మల నీడ అంచు దాకా. ఇక్కడ దోకుడుపారతో పైపైన, రెండు అంగుళాలు మించకుండా చెక్కడమే. చెక్కిన గడ్డిని, వేరుశనగ పొట్టును, ఎండుటాకును అక్కడే పరిస్తే కొత్త కలుపు తక్కువ లేస్తుంది, తేమ నిలుస్తుంది. పొట్టుకు మన జిల్లాలో కొరత లేదు. ఒక్క జాగ్రత్త: పరిచింది మొదలుకు ఆనకూడదు, జానెడు దూరం ఉండాలి. ఆనితే చెమ్మ బెరడుకు పట్టి మొదటికే మోసం వస్తుంది.

మూడో భాగం సాళ్ల మధ్య ఖాళీ. ఇక్కడ గడ్డిని కోసి పడేస్తే చాలు, వేళ్లతో పెకలించాల్సిన అవసరం లేదు. కోసిన గడ్డి పశువులకో, నేలకో పనికొస్తుంది. వానాకాలంలో జనుము, పిల్లిపెసర, అలసంద చల్లి పూతకు వచ్చే ముందు కోసి పరిస్తే కలుపూ అణుగుతుంది, నేలకు బలమూ వస్తుంది. లేత తోటలో వేరుశనగ, అలసంద వంటి పైర్లు అంతరపంటగా వేసుకోవచ్చు. టమాట, మిరప, వంగ, పొగాకు వద్దు. వాటితో నులిపురుగులు పెరిగి వేర్లకు చేటు.

తుంగ, గరిక విషయం వేరే చెప్పాలి. ఇవి విత్తనంతో కంటే గడ్డలతో, కణుపులతో ఎక్కువ పెరుగుతాయి. రోటవేటర్ తిప్పితే ఒక ముక్క పది ముక్కలై తోటంతా పాకుతుంది. అంటే ఆ యంత్రం చెట్టు వేర్లను తెంచుతుంది, తుంగను నాటుతుంది. డబ్బిచ్చి రెండు నష్టాలు కొన్నట్టు. సాళ్ల నడుమ, చెట్ల నీడకు బయట, నడి ఎండాకాలంలో నాగలితో తిరగేసి గడ్డలను ఎండకు వదిలేస్తే చాలా వరకు మాడి చస్తాయి. మిగిలినవి ఏరి గట్టు మీద కాల్చాలి. ఒక్క ఏడాదిలో పోదు. రెండు మూడేళ్లు పట్టుబట్టాలి.

ఇక కలుపు మందు. చాలామంది చేతికి మొదట వచ్చేది గ్లైఫోసేట్. మన దేశంలో దానికి అనుమతి ఉన్నది తేయాకు తోటలకూ, పంట లేని భూములకే. 2015లో ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ దాన్ని మనుషులకు క్యాన్సర్ తెచ్చే అవకాశం ఉన్నవాటి జాబితాలో పెట్టింది. 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం, పెస్ట్ కంట్రోల్ ఆపరేటర్లు తప్ప వేరెవరూ వాడకూడదని ఉత్తర్వు ఇచ్చింది. అయినా అది మన కూలీల వీపు మీదికి ఎక్కుతూనే ఉంది. పచ్చి బెరడు మీద, కిందికి వాలిన కొమ్మ మీద తుంపర పడితే అది చెట్టు లోపలికీ పాకుతుంది. పారాక్వాట్ సంగతి ఇంకా ఘోరం. కడుపులోకి పోతే విరుగుడు లేదు. కలుపు మీద కోపంతో మనుషుల ప్రాణాలతో ఆడుకోవద్దు.

నీళ్ల గురించి రెండు మాటలు. పాదు పద్ధతి ఉన్నవాళ్లు రెండు వలయాలుగా కట్టండి. లోపలి వలయంలో మొదలు చుట్టూ మట్టి కొంచెం ఎత్తుగా, వాలుగా, పొడిగా ఉండాలి. నీళ్లు బయటి వలయంలోనే నిలవాలి. ఒక్కో చెట్టుకు కాలువ నుంచి విడిగా తూము ఉండాలి. పాదులోంచి పాదులోకి పారించకూడదు. డ్రిప్పు ఉన్నవాళ్లు తోటకు వెళ్లగానే ఒకసారి చూడండి. మొక్క నాటినప్పుడు పెట్టిన చుక్క పదేళ్ల చెట్టుకూ మొదట్లోనే పడుతూ ఉంటుంది. దాన్ని రెండు మూడు అడుగులు బయటికి జరపండి. దీనికి రూపాయి ఖర్చు లేదు.

మట్టి ఎగదోయడం ఇంకో తప్పు. చెక్కినప్పుడల్లా, దున్నినప్పుడల్లా మట్టి మొదలు మీదికి చేరి ఏళ్లు గడిచేసరికి అంటు కట్టిన చోటు పూడిపోతుంది. అంటుకు పైనున్న చీనీ బెరడుకు బంక తెగులును తట్టుకునే శక్తి తక్కువ. అంటు ఎప్పుడూ మట్టికి జానెడు పైన కనబడాలి. పూడి ఉంటే చేత్తో మెల్లగా తీసేయండి.

ఏడాదికి రెండుసార్లు, వానలకు ముందూ వానలు తగ్గాకా, మొదలుకు రెండు మూడు అడుగుల ఎత్తు వరకు బోర్డో పేస్టు పూయాలి. కిలో మైలుతుత్తం, కిలో సున్నం, పది లీటర్ల నీళ్లు. మైలుతుత్తం ఒక ప్లాస్టిక్ బకెట్లో, సున్నం ఇంకో బకెట్లో, సగం సగం నీళ్లలో విడివిడిగా కరిగించి తర్వాత కలపాలి. ఇనుప పాత్ర వాడకూడదు. కలిపాక ఇనుప కత్తి ముంచి చూడండి. కత్తికి రాగి రంగు తుప్పు పడితే ఇంకొంచెం సున్నం కలపాలి. ఏ రోజు కలిపింది ఆ రోజే వాడాలి. ఈ మందు ఫ్రాన్సులోని బోర్డో ద్రాక్ష తోటల్లో పుట్టింది. బాట పక్క ద్రాక్షను దొంగలు కోయకుండా రైతులు రాగి, సున్నం కలిపి చల్లేవారు. అలా చల్లిన తీగలకు తెగులు తక్కువగా ఉందని మిలార్డే అనే శాస్త్రవేత్త గమనించి 1885లో లోకానికి చెప్పాడు. రైతు చేసిన పనిని శాస్త్రం చూసి నేర్చుకుంది. ఇప్పుడు మన వంతు.

బంక కనిపించిన చెట్టుకు మొదలు చుట్టూ మట్టి తీసి, కుళ్లిన బెరడును మంచి బెరడు తగిలే దాకా పదునైన కత్తితో గీకి, ఆ చోట పేస్టు పూయాలి. గీకిన బెరడు కింద పడేయకుండా ఏరి కాల్చాలి. కత్తిని ఒక చెట్టు నుంచి ఇంకో చెట్టుకు శుభ్రం చేయకుండా తీసుకుపోవద్దు. తీవ్రంగా ఉంటే ఫోసెటైల్, మెటలాక్సిల్ వంటి మందులున్నాయి. మోతాదు ఉద్యాన అధికారిని అడిగి వాడండి, దుకాణదారుని అడిగి కాదు. వేరుకుళ్లు మొదలైన చెట్టుకు ముందు కాయలు దించేయండి. చేతికొచ్చే పంట తీసేయడం ఎంత కష్టమో మాకు తెలుసు. కానీ కాయ కోసం చూస్తే చెట్టు పోతుంది. ఎండిన కొమ్మలు కత్తిరించి, పాదును ఒక శాతం బోర్డో మిశ్రమంతో, అంటే వంద లీటర్ల నీళ్లకు కిలో మైలుతుత్తం, కిలో సున్నం చొప్పున, బాగా తడపాలి.

జబ్బు లేని చెట్లకు ట్రైకోడెర్మా విరిడి మంచి కాపలా. తొంభై కిలోల మాగిన పశువుల ఎరువు, పది కిలోల వేపపిండి, రెండు కిలోల ట్రైకోడెర్మా కలిపి, నీళ్లు చిలకరించి, నీడలో గోనె కప్పి పది రోజులు ఉంచి పాదుల్లో వేయాలి. రాగి మందుతో పాటే వేస్తే అది చచ్చిపోతుంది. మధ్యలో పదిహేను రోజులన్నా ఎడం ఉండాలి. చచ్చిన చెట్టును మాత్రం ఉంచొద్దు. వేళ్లతో తీసి కాల్చి, గుంతను ఒక ఎండాకాలం ఎండకు వదిలాకే కొత్త మొక్క పెట్టండి.

ఇదంతా ఒక్క రైతు చేసుకునేది. కలిసి చేయాల్సినవి మూడు ఉన్నాయి.

ఒకటి, కూలి. మొదళ్ల దగ్గర కలుపును గుత్తకు ఇవ్వొద్దని మేము అయిదు కుటుంబాల వాళ్లం తీర్మానించుకున్నాం. దినకూలి ఇచ్చి నిదానంగా చేయించుకుంటున్నాం. ఖర్చు కొంత పెరిగిన మాట నిజం. కానీ లాభం ఎక్కడొచ్చిందో చెబుతాం. ప్రతి చెట్టు మొదట్లో వంగి చూసేది మనం కాదు, కలుపు తీసే అక్కచెల్లెళ్లే. ఏ చెట్టుకు బంక కారుతుందో ముందు చూసేది వాళ్లే. ఇంతకుముందు వాళ్లకు ఎవరూ చెప్పలేదు, వాళ్లను ఎవరూ అడగలేదు. ఇప్పుడు బంక కనబడిన చెట్టుకు వాళ్లే ఎర్ర గుడ్డ పీలిక కడుతున్నారు. సాయంత్రం మేము ఆ పీలికలు చూసుకుంటూ పోతాం. ఆ పీలికల వల్ల నిలిచిన చెట్లు మా తోటల్లో ఉన్నాయి.

రెండు, మొక్క. జంబేరి వేరుమూలం కంటే రంగపూర్ నిమ్మ వేరుమూలం మీద కట్టిన అంటు బెట్టనూ, వేరుకుళ్లునూ మెరుగ్గా తట్టుకుంటుంది. కానీ మనం కొన్న మొక్క దేని మీద కట్టిందో నర్సరీ వాడు చెప్పిందే నమ్మాలి. నిజం తేలేది ఏడెనిమిదేళ్ల తర్వాత, చెట్టు చచ్చాక. అప్పుడు అడగడానికి మన చేతిలో కాగితం ఉండదు. నర్సరీల రిజిస్ట్రేషన్‌కు మన రాష్ట్రంలో 2010 నుంచి చట్టం ఉంది. రిజిస్టరైన నర్సరీలోనే కొనండి. వేరుమూలం పేరు రాసిన రసీదు లేకుండా డబ్బు ఇవ్వకండి. ఒక్కడు అడిగితే విసుక్కుంటారు. ఊరంతా అడిగితే రాసిస్తారు.

మూడు, ప్రభుత్వాన్ని అడగాల్సింది. వాతావరణ బీమా వాననూ ఎండనూ కొలుస్తుంది. వేరు కుళ్లి చచ్చిన చెట్టు ఆ కొలతలోకి రాదు. ఏడాది పైరు పోతే ఒక పంట పోతుంది. చెట్టు పోతే వెనకటి ఎనిమిదేళ్లు, ముందటి పదేళ్లు పోతాయి. బ్యాంకు అప్పు మాత్రం చెట్టుతో పాటు ఎండిపోదు. అందుకే తెగులుతో పోయిన చెట్లను లెక్కగట్టి పరిహారం ఇవ్వాలని, తిరిగి నాటడానికి సాయం చేయాలని, వేరునూ మట్టినీ పరీక్షించే సౌకర్యం రైతుకు దగ్గరలో పెట్టాలని మనం అడగాలి. కౌలు రైతులకూ ఇందులో భాగం ఉండాలి. అడగాలంటే ముందు మన దగ్గర లెక్క ఉండాలి. ప్రతి ఊళ్లో పోయిన చెట్లెన్ని, ఏ వయసువి, ఏ వేరుమూలం మీదివి, ఏ నెలలో పోయాయి... ఒక నోటుబుక్కులో రాయండి. వచ్చే సమావేశానికి ఆ పుస్తకాలు తీసుకురండి. పుస్తకం చూపించి అడిగినవాడిని కసిరి పంపడం ఏ అధికారికైనా కష్టమే.

చివరగా ఒక్క పని. ఇక్కడి నుంచి ఇంటికి పోయాక, రేపు పొద్దున తోటలోకి వెళ్లి ఏదో ఒక చెట్టు మొదట్లో కూర్చోండి. చేత్తో మట్టి తీయండి. అంటు కనబడుతోందా? బెరడు పొడిగా ఉందా? గాటు ఉందా? బంక ఉందా? నీటి చుక్క ఎక్కడ పడుతోంది? ఆ చెట్టు అయ్యాక పక్క చెట్టు. మేము ఆ పని ఆలస్యంగా మొదలుపెట్టాం, కొన్ని చెట్లను పోగొట్టుకున్నాం. మీరు రేపే మొదలుపెట్టండి.

సెలవు.